రోజూ ప్రేరణ కోసం మూడు వాక్యాల పుస్తకం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

ఉదయం లేచినప్పటి నుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదని, రోజులన్నీ ఒకేలా దొర్లిపోతున్నాయని, స్ఫూర్తినిచ్చే ప్రసంగాలు విన్నప్పుడు కలిగే ఉత్సాహం పూటైనా నిలవడం లేదని, ఇలాంటప్పుడు ప్రేరణ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. అడిగేవారిలో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నవారు, ఇంటిపని, ఆఫీసుపని రెండూ మోస్తున్న ఇల్లాళ్ళు, పదవీ విరమణ తరువాత ప్రొద్దు గడవని పెద్దలు, ఉద్యోగరీత్యా సొంతూరికి దూరంగా ఉన్నవారు ఉన్నారు. ప్రశ్న ఒకటే కనుక, ఆచరణలో పెట్టదగిన పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ వివరిస్తున్నాను.

అరువు తెచ్చుకున్న ప్రేరణ నిలవదని నా గట్టి నమ్మకం. మన చుట్టూ ఉన్నదాన్ని నిదానంగా చూడటం, మనసులో మెదిలే మాటను అక్షరాల్లో పెట్టడం, మనకు అందిన మేలును ఎవరి వల్ల అందిందో గుర్తించడం, ఈ మూడింటి నుంచి మరునాటికి ఒక చిన్న పనిని తీయడం అనే నాలుగు అలవాట్లు కలిస్తేనే రోజు మీద ఆసక్తి తిరిగి వస్తుంది. వీటిలో ఏది రాసినా అది స్పష్టంగా, ఆ రోజుకే చెందినదిగా ఉండాలి. ఈ పద్ధతి అంతటికీ ఇదే కీలకం.

సిద్ధాంతం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో భాగంగా, కొందరు విద్యార్థుల చేత పది వారాలపాటు వారానికొకసారి తాము కృతజ్ఞతతో తలచుకోదగిన విషయాలను అయిదింటి వరకు రాయించారు. మరికొందరి చేత చికాకు పెట్టిన విషయాలను రాయించారు. మొదటి జట్టువారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని తెలిపారు, వ్యాయామం కూడా ఎక్కువ సేపు చేశామని చెప్పారు. రాయడం వల్ల ఉపయోగం ఉందని నమ్మి మొదలుపెట్టడానికి ఈమాత్రం ఆధారం చాలు.

కావలసినవి

గీతలున్న, చేతిలో ఇమిడే మామూలు నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. వంద పేజీలు ఉంటే చాలు. తేదీలు అచ్చువేసిన ఖరీదైన డైరీ వద్దు, ఎందుకంటే అందులో రెండు రోజులు ఖాళీగా కనిపించగానే మూడో రోజు తెరవబుద్ధి కాదు. తేదీ మనమే వేసుకునే పుస్తకంలో ఖాళీ అనేదే ఉండదు.

పెన్నును దారంతో పుస్తకానికే కట్టండి. పెన్ను వెతుక్కోవలసి రావడం వల్లనే చాలామంది పుస్తకాలు అర్ధాంతరంగా ఆగిపోతాయి.

రోజుకు పదిహేను నిమిషాలు కేటాయించండి. వాటిలో పది చూడటానికి, అయిదు రాయడానికి.

కార్తెలు వేసి ఉన్న తెలుగు గోడ క్యాలెండర్ లేదా పంచాంగం దగ్గర పెట్టుకోండి. దాని అవసరం చివరి మెట్టులో తెలుస్తుంది.

రాయడం అలవాటు లేనివారు, చూపు ఆననివారు ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకోవచ్చు. అయితే ఆ రికార్డును మరొకరికి పంపకండి. వినేవారు ఉన్నారనగానే మాట తీరు మారిపోతుంది.

1. చోటునూ వేళనూ ముందే నిర్ణయించుకోండి

ఇప్పటికే తప్పకుండా జరిగే ఒక పనికి దీన్ని జత చేయండి. ఉదయం కాఫీ తాగిన వెంటనే, సాయంత్రం దీపం పెట్టిన తరువాత, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి తిరిగి వచ్చేటప్పుడు, ఇలా ఏదైనా సరే. "వీలు చూసుకుని రాస్తాను" అనుకున్నవారికి ఆ వీలు ఎన్నటికీ దొరకదు.

చోటు ప్రతిరోజూ ఒకటే కావాలి. కొత్త చోట్లకు వెళ్తేనే కొత్త ఆలోచనలు వస్తాయని అనుకోవడం సహజమే కానీ, ఒకే చోట కూర్చున్నవారికే మార్పు కనిపిస్తుంది. నిన్న మూసుకుని ఉన్న మొగ్గ ఇవాళ విచ్చిందని గమనించాలంటే నిన్న కూడా అక్కడే ఉండి ఉండాలి. పెరడు, డాబా, అపార్ట్‌మెంట్ బాల్కనీ, హాస్టల్ మెట్లు, కాలనీ పార్కులోని సిమెంటు బల్ల, వీటిలో ఏదైనా పనికివస్తుంది.

మంచానికి పరిమితమైనవారు మంచాన్ని కిటికీకి ఎదురుగా జరిపించుకోండి. శస్త్రచికిత్స తరువాత చెట్లు కనిపించే కిటికీ ఉన్న గదిలో కోలుకున్న రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించే గదిలోని రోగుల కంటే కొంత ముందుగా ఇంటికి వెళ్ళారని, వారికి బలమైన నొప్పి మందుల అవసరం కూడా తగ్గిందని రోజర్ ఉల్‌రిచ్ 1984లో ప్రకటించిన అధ్యయనం చెబుతున్నది. రాత్రి డ్యూటీ చేసేవారు డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన తరువాత, నిద్రకు ముందు ఈ పని చేసుకోవచ్చు. వారికి అదే సాయంత్రం.

2. పది నిమిషాలు ఫోన్ లేకుండా చూడండి

మొత్తం పద్ధతిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన మెట్టు ఇదే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. ఫోన్‌ను మరో గదిలో పెట్టి రండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు విసుగ్గా ఉంటుంది, చేయవలసిన పనులన్నీ అప్పుడే గుర్తుకొస్తాయి. లేవకండి. ఆ విసుగు దాటిన తరువాతే కళ్ళు అసలు పని మొదలుపెడతాయి.

చుట్టూ ఉన్నదంతా చూడాలని ప్రయత్నించకండి. ఒక్క వస్తువును, ఒక్క చెట్టును, ఒక్క మనిషి చేతి పనిని ఎంచుకుని దాని మీదే ఉండండి. పూలమ్మే ఆమెను తీసుకుందాం. ఆమె మూర కొలిచేటప్పుడు దండను మోచేతి దగ్గర ఆనించి వేలి కొస దాకా లాగుతుంది, కొలత అయిపోయాక మరో నాలుగు వేళ్ళ మేర వదిలి అక్కడ తెంపుతుంది. కొలతలో కలపని ఆ నాలుగు వేళ్ళ దండ ఎందుకు ఇచ్చిందని ఒక్క క్షణం ఆలోచిస్తే, ఆ రోజుకు కావలసినంత దొరికినట్టే. ఆర్టీసీ కండక్టర్ చిల్లర లేనప్పుడు టికెట్ వెనుక బాకీ మొత్తాన్ని రాసి ఇవ్వడం మనందరం చూసినదే. నిండు బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, మరో చేత్తో ఆ అంకె ఎలా వేస్తారో ఈసారి గమనించండి.

ప్రకృతి విషయానికి వస్తే మన ప్రాంతంలో చూడటానికి కొదవ లేదు. మాఘంలో మామిడి పూత, ఫాల్గుణంలో ఆకు రాల్చిన మోదుగ కొమ్మల మీద ఎర్రని పువ్వులు, ఉగాది నాటికి వేప పూత, ఆ రోజుల్లోనే కోయిల కూత వస్తాయి. తొలకరి పడగానే తడి నేల మీద ఎర్రని మఖమలు గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకుతాయి. వాన వెలిసిన ఉదయం వంగి చూడగలిగితే, ముట్టుకోగానే అవి కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోవడం కనిపిస్తుంది. బతుకమ్మ నాటికి తెలంగాణ పల్లెల్లో తంగేడు, గునుగు విరగబూస్తాయి. దసరా నాడు పాలపిట్టను చూడటం కోసమే ఊరి బయటికి నడిచి వెళ్ళే ఆచారం ఉన్నవాళ్ళం మనం. ఏటా ఒక్క రోజు చేసే ఆ పనిని రోజూ చేయమనే నేను కోరుతున్నాను.

ఊరికి దూరంగా ఉన్నవారికి ఒక హెచ్చరిక. డల్లాస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, ఆ పది నిమిషాలూ అక్కడ కళ్ళ ముందు ఉన్నదే చూడండి. సొంతూరి చెరువుగట్టు జ్ఞాపకాలను రాసుకోవడం మంచిదే కానీ అది వేరే పని. ఉన్న ఊరిని చూడకుండా వదిలిన ఊరినే తలచుకుంటూ ఉంటే బెంగ పెరుగుతుంది, రోజు మాత్రం అలాగే ఖాళీగా మిగిలిపోతుంది. కిటికీ ఎదుటి చెట్టు పేరు తెలియకపోతే ఎవరినైనా అడిగి తెలుసుకోండి. పేరు తెలిసిన చెట్టు మరునాడు పరిచయస్తుడిలా కనిపిస్తుంది.

మనుషులను గమనించేటప్పుడు వారికి ఇబ్బంది కలగకూడదు. అదే పనిగా చూస్తూ కూర్చోవద్దు, ఫోటోలు అసలే తీయవద్దు. కూర్చోలేనివారు ఆ పది నిమిషాలూ నడవవచ్చు. నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా తడతాయని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2014లో చేసిన ప్రయోగాల్లోనూ తేలింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

3. "చూసింది" అని రాసి, ఒక్క వాక్యం రాయండి

తేదీ వేయండి. దాని కింద చూసినదాన్ని చూసినట్టుగా రాయండి. బాగుంది, అద్భుతం, మనోహరం వంటి మాటలను పూర్తిగా విడిచిపెట్టండి. అవి మన అభిప్రాయాన్ని చెబుతాయే తప్ప చూసినదాన్ని చెప్పవు.

"ఇవాళ ఉదయం వాతావరణం చాలా ఆహ్లాదంగా ఉంది" అనే వాక్యాన్ని ఏడాదిలో ఏ రోజైనా రాయవచ్చు కనుక అది పనికిరాదు. "ఎదురింటి గోడ మీద పిల్లి, ఎండ జరిగినకొద్దీ తానూ జరుగుతూ గోడ చివర దాకా వచ్చింది" అన్నది ఆ ఒక్క రోజుకే చెందిన వాక్యం. రాసిన ప్రతి వాక్యాన్ని ఈ ప్రశ్నతో పరీక్షించండి: ఇదే వాక్యాన్ని నిన్న కూడా రాసి ఉండగలనా? రాసి ఉండగలననిపిస్తే కొట్టేసి మళ్ళీ రాయండి.

4. "అనిపించింది" అని రాసి, మనసులోని మాటను ఉన్నదున్నట్టు రాయండి

ఇక్కడ చాలామంది "మనసు బాగోలేదు", "చిరాకుగా ఉంది" అని రాసి ఆగిపోతారు. అది మనసు స్థితి మాత్రమే. దాని వెనుక మనసు పదే పదే అంటున్న మాట ఒకటి ఉంటుంది, మనకు కావలసింది ఆ మాట. ఉదాహరణకు, రెండోసారి గ్రూప్-2 రాయబోతున్న అభ్యర్థి మనసు "నా వల్ల కాదు" అంటూ ఉంటుంది. ఆ మాటను అలాగే రాసి, దాని పక్కనే "ఏది?" అని ప్రశ్న వేసుకోవాలి. సిలబస్ మొత్తం తన వల్ల కాదా, లేక ఎకానమీ ఒక్కటే కొరకరాని కొయ్యగా ఉందా? ఎకానమీ అంతా అలాగే ఉందా, లేక బడ్జెట్ లెక్కల దగ్గరే తడబాటు వస్తున్నదా? కాగితం మీద ఇలా రెండు మూడు ప్రశ్నలు పడేసరికి, కొండంత భయం పట్టుకోదగిన ఒక చిన్న విషయంగా తేలుతుంది.

మంచి ఆలోచనలనూ ఇలాగే రాయండి. పాలపాకెట్లు వేసే అబ్బాయి సైకిల్ గంట విన్నప్పుడు తమ్ముడికి ఫోన్ చేయాలనిపిస్తే, ఎందుకనిపించిందో తెలియకపోయినా సరే, అనిపించింది కనుక రాయండి.

జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఈ భాగం మూడు పంక్తులు దాటకూడదు. బాధ కలిగించిన సంగతిని పేజీలకు పేజీలు రాస్తూ పోతే కొందరికి అది తేలికపడటానికి బదులు మరింత బిగుసుకుంటుంది. ఒకే ఫిర్యాదు వరుసగా మూడు రోజులు కనిపించిందంటే, నాలుగో రోజు దాన్ని మళ్ళీ రాయకుండా నేరుగా ఆరో మెట్టుకు వెళ్ళి, దాని గురించి చేయగలిగిన పని ఏదో ఒకటి రాసుకోండి. ఇంట్లో ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే, ఈ భాగాన్ని విడి కాగితం మీద రాసి చించివేయవచ్చు. మిగిలిన మూడు భాగాలు పుస్తకంలో ఉంటే చాలు.

5. "కృతజ్ఞత" అని రాసి, మనిషినీ పనినీ అందులో వారు పడిన శ్రమనూ రాయండి

ఈ భాగం సులభమనిపిస్తుంది. అందువల్లనే త్వరగా మొక్కుబడిగా మారిపోతుంది. "నా కుటుంబానికి, ఆరోగ్యానికి, ఉద్యోగానికి కృతజ్ఞతలు" అని వారం రోజులు రాసినవారు ఎనిమిదో రోజు ఆపేస్తారు. ఆపకపోయినా, ఆ వాక్యం వారిలో ఏమీ కదిలించదు.

వాక్యంలో మూడు సంగతులు ఉండేలా చూసుకోండి. ఎవరు చేశారు, ఏం చేశారు, అందుకోసం వారు ఏం వదులుకున్నారు లేదా ఎంత శ్రమపడ్డారు. "అత్తయ్య తన మోకాళ్ళ నొప్పితోనే కింద కూర్చుని, నాకు ఆఫీసుకు ఆలస్యమవుతుందని చిక్కుడుకాయలన్నీ ఈనెలు తీసి పెట్టారు" అన్న వాక్యంలో ఆ మూడూ ఉన్నాయి. ఇలా రాసిన రోజున ఆ మనిషితో మాట్లాడే తీరులో మార్పు వస్తుంది, ప్రేరణకు అదొక పెద్ద దారి. మనకోసం మరొకరు పడిన శ్రమ కంటికి కనిపించినప్పుడు మన పనిని కూడా అంతే శ్రద్ధగా చేయాలనిపిస్తుంది.

ఎవరూ గుర్తుకు రాని రోజున వెనుక నుంచి ముందుకు ఆలోచించండి. మీ జీవితంలో ఉన్న ఒక మంచి సంగతిని తీసుకుని, అది లేకపోయి ఉంటే ఏమై ఉండేదో ఊహించండి. ఆ రోజు ఆ మిత్రుడు నోటిఫికేషన్ సంగతి చెప్పకపోయి ఉంటే, ఆ టీచరు లెక్కల్లో వెనకబడ్డారని పిలిచి కూర్చోబెట్టకపోయి ఉంటే అని కాసేపు తలచుకోండి. ఉన్నవాటిని లెక్కపెట్టడం కంటే ఇలా లేనట్టు ఊహించుకోవడమే ఎక్కువ ప్రభావం చూపుతుందని 2008లో వెలువడిన ఒక పరిశోధన కూడా సూచించింది.

దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేవారు నిస్సందేహంగా చెప్పుకోవచ్చు. దానితోపాటు ఒక మనిషి పేరు కూడా ఉండాలని మాత్రం నా సూచన, ఎందుకంటే ఏడో మెట్టులో ఆ మనిషితో పని ఉంది.

ఈ మెట్టు దగ్గర రెండు హెచ్చరికలను గట్టిగా చెప్పదలచాను. మొదటిది, మనకంటే కష్టంలో ఉన్నవారిని తలచుకుని "వాళ్ళకంటే నయం" అని రాయకండి. అది ఇంకొకరి కష్టం మీద నిలబడిన ఊరట, ఎక్కువ రోజులు ఉండదు. రెండోది, మిమ్మల్ని కొడుతున్న, అవమానిస్తున్న, మీ జీతం ఎగ్గొడుతున్న మనిషి పట్ల కృతజ్ఞతను వెతుక్కోవలసిన బాధ్యత మీకు లేదు. "ఎంత చేసినా నీకు కృతజ్ఞత లేదు" అంటూ ఇంట్లో ఆడపిల్లల నోరు మూయించడం మనం చూస్తూనే ఉన్నాం. ఈ పుస్తకం అన్యాయాన్ని సర్దుకుపోవడం నేర్పేది కాకూడదు. అటువంటి రోజున ఈ భాగంలో మీకు అండగా నిలిచినవారి గురించి రాయండి, అనిపించింది అన్న చోట అన్యాయాన్ని అన్యాయమనే రాయండి.

6. "రేపు" అని రాసి, పావుగంటలో అయ్యే ఒక పని రాయండి

పై మూడు వాక్యాలనూ ఒకసారి చదివి, వాటిలో ఏదో ఒకదాని నుంచి ఒక పనిని తీయండి. తమ్ముడు గుర్తుకు వస్తే తమ్ముడికి ఫోన్ చేయడం, బడ్జెట్ లెక్కల దగ్గర తడబాటు ఉంటే ఆ అధ్యాయంలో మొదటి రెండు పేజీలు చదవడం, ఎదురింటి పిల్లిని చూస్తే ఎండలో పెట్టవలసిన పరుపు గుర్తుకు వచ్చి దాన్ని డాబా మీదికి చేర్చడం, ఇలాంటివి చాలు. "రేపటి నుంచి రోజూ అయిదింటికి లేస్తాను" అన్నది పని కాదు, అది ప్రతిజ్ఞ. ఆరంభశూరత్వం అంతా ఇలాంటి ప్రతిజ్ఞలతోనే మొదలవుతుంది.

మరునాడు ఆ పని అయితే పక్కన టిక్కు పెట్టండి. కాకపోతే సున్నా చుట్టండి. కారణాలు రాయనవసరం లేదు.

7. వారానికొకసారి ఒకరికి నోటితో చెప్పండి

కృతజ్ఞత భాగంలో ఉన్న పేర్ల నుంచి ఒక్కరిని ఎంచుకుని, వారు చేసినది వారికి చెప్పండి. మన ఇళ్ళలో అమ్మకో, అన్నయ్యకో ఎదురుగా నిలబడి కృతజ్ఞతలు చెప్పడం ఎబ్బెట్టుగా అనిపిస్తుంది, విన్నవారు కూడా "ఏమైందిరా నీకు?" అని కంగారుపడతారు. అందువల్ల ఆ మాట వాడకుండా, జరిగినదాన్ని గుర్తుచేస్తే సరిపోతుంది. "అత్తయ్యా, నిన్న మీరు చిక్కుడుకాయలు తీసి పెట్టబట్టే నాకు తొమ్మిదింటి బస్సు అందింది" అంటే చాలు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో, వీధి ఊడ్చే ఆమెకో చెప్పేటప్పుడు కూడా చేసిన పనిని పేర్కొని చెప్పండి. ఎదురుగా చెప్పలేనివారు ఉత్తరం రాయవచ్చు. ఇతరుల సందేశాన్ని ఫార్వర్డ్ చేయడం మాత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

8. కార్తె మారినప్పుడు వెనక్కి తిరిగి చదవండి

రాసినదాన్ని మళ్ళీ చదవకపోతే సగం ఫలితం పోతుంది. ఎప్పుడు చదవాలన్న ప్రశ్నకు మన పెద్దల కాలగణనలోనే అనువైన సమాధానం ఉంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు ఉంటుంది. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తాయి. రైతులు విత్తనాన్ని, వానను, ఎండను కార్తెను బట్టే లెక్కగట్టుకున్నారు. రోళ్ళు పగిలే రోహిణి ఎండల నుంచి మృగశిర చల్లదనానికి మారినట్టుగా, మీ పుస్తకంలోని "చూసింది" వాక్యాలు కూడా కార్తె కార్తెకూ మారడం కనిపిస్తుంది.

కార్తె మారే రోజున కొత్తగా ఏమీ రాయకండి. గడిచిన పద్నాలుగు రోజుల పేజీలను మొదటి నుంచి చదివి, మళ్ళీ మళ్ళీ వచ్చిన మాట కింద గీత గీయండి. మూడుసార్లు కంటే ఎక్కువ కనిపించిన మనిషి ఎవరో, పని ఏదో, భయం ఏదో చివరి పేజీలో ఒక వాక్యంగా రాసుకోండి. ఇలా అయిదారు కార్తెలు గడిచాక ఆ చివరి పేజీని చూస్తే, మీకు నిజంగా ఉత్సాహం ఇచ్చేవి ఏవో మీ చేతిరాతలోనే కనిపిస్తాయి. పిల్లలకు పాఠం చెప్పిన రోజులన్నీ టిక్కులతో నిండి ఉండవచ్చు. మొక్కల గురించి రాసిన రోజుల్లో ఫిర్యాదు ఒక్కటీ లేకపోవచ్చు. తరువాతి కార్తెలో ఆ పనికి రోజుకు మరో పావుగంట ఇవ్వండి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువగా జరిగేది, మొదటి రోజే నాలుగు పేజీలు రాయడం. ఆ ఉత్సాహాన్ని మరునాటికి దాచుకోండి. ఒక్కో భాగానికి ఒక్క వాక్యం, మహా అయితే మూడు పంక్తులు.

రాసినదాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టడం మరో పొరపాటు. మెచ్చుకోళ్ళు మొదలవగానే చూసినదాని కంటే చూపించదగినదే రాయాలనిపిస్తుంది.

పిల్లల చేత బలవంతంగా రాయించకండి. రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ దారిలో ఏం చూశావు?" అని అడిగి, వాళ్ళు చెప్పేది మధ్యలో ఆపకుండా వింటే వారికి అదే ఈ పుస్తకం. భార్యాభర్తలు ఒకే పుస్తకంలో రాయడం కూడా మంచిది కాదు, ఒకరికోసం ఒకరు రాసినట్టు అవుతుంది.

కృతజ్ఞత భాగం చర్వితచర్వణంగా మారిందనిపిస్తే పద్ధతి మొత్తాన్ని వదిలేయవద్దు. ఆ ఒక్క భాగాన్ని వారానికొకసారికి తగ్గించండి. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం జరిపిన ఆరు వారాల ప్రయోగంలో, వారానికి మూడుసార్లు రాసినవారికంటే ఒక్కసారే రాసినవారిలో మార్పు ఎక్కువగా కనిపించింది. చూడటం మాత్రం రోజూ సాగాలి.

నడుమ పది రోజులు ఆగిపోతే, ఆ పది రోజులనూ గుర్తు తెచ్చుకుని రాయాలని ప్రయత్నించకండి. ఆగిన చోట కింద గీత గీసి, ఇవాళ్టి తేదీ వేయండి.

ఫలితం ఉందో లేదో ఎలా సరిచూసుకోవాలి

రెండు కార్తెలు, అంటే దాదాపు నెల రోజులు గడిచే వరకు ఫలితం గురించి ఆలోచించకండి. ఆ తరువాత మొదటి వారం పేజీలనూ చివరి వారం పేజీలనూ పక్కపక్కన పెట్టి నాలుగు సంగతులు చూడండి.

"చూసింది" వాక్యాల్లో పేర్లు, రంగులు, శబ్దాలు పెరిగాయా? పెరగకపోతే ఫోన్ దగ్గరే ఉంటున్నదేమో, చోటు మారుతున్నదేమో చూసుకోండి. "అనిపించింది" భాగంలో "ఎప్పుడూ", "ఏదీ", "ఎవరూ" అనే మాటలు తగ్గాయా? తగ్గకపోతే "ఏది?" అన్న ప్రశ్నను మీరు వేసుకోవడం లేదన్నమాట. "కృతజ్ఞత" భాగంలో ఇంటివారే కాక బయటివారు కూడా కనిపిస్తున్నారా? "రేపు" కింద టిక్కులు సగానికి పైగా ఉన్నాయా? సున్నాలే ఎక్కువగా ఉంటే పనులు పెద్దవిగా ఉన్నాయని అర్థం, పావుగంట పనిని అయిదు నిమిషాలకు కుదించండి. ఈ నాలుగింటిలో రెండు మెరుగుపడినా పద్ధతి మీకు సరిపడుతున్నట్టే.

మీ అంచనా మీద మీకు నమ్మకం కుదరకపోతే, రోజూ మిమ్మల్ని చూసేవారిని ఒకరిని అడగండి. పుస్తకం సంగతి చెప్పకుండా, ఈ మధ్య నాలో ఏమైనా తేడా గమనించావా అని మాత్రమే అడగండి.

ఇంత చేసినా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా లేవబుద్ధి కాకపోవడం, ఆకలి చచ్చిపోవడం, దుఃఖం వదలకపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే అది ప్రేరణ లోపించడం కాకపోవచ్చు. కుంగుబాటు ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది. నోట్‌బుక్ ఆ వైద్యానికి బదులు కాదు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు వేచి ఉండవద్దు. వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో నమ్మకమైన ఒకరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. వైద్యుల దగ్గరకు వెళ్ళేటప్పుడు ఈ పుస్తకాన్ని కూడా తీసుకెళ్ళండి. నిద్ర, ఆకలి, మనసు ఏ రోజు నుంచి ఎలా మారుతూ వచ్చాయో చెప్పడానికి అందులోని తేదీలు పనికివస్తాయి.